ఎర్ర స్వెటర్ ఊపితే గానీ వినబడని మాట: టీవీ స్కిట్లలో ఆడవాళ్లు, స్త్రీవాదం

1950లో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్ 'యువర్ షో ఆఫ్ షోస్' అనే హాస్య కార్యక్రమం మొదలుపెట్టింది. శనివారం రాత్రి గంటన్నర సేపు, అంతా ప్రత్యక్ష ప్రసారమే. తెర మీద సిడ్ సీజర్, ఇమోజీన్ కోకా జంట. తెర వెనక రచయితల గదిలో మెల్ టాల్కిన్, మెల్ బ్రూక్స్ లాంటి మగవాళ్ల మధ్య లూసిల్ కాలెన్ అనే రచయిత్రి. ఆ గదిలో జోకు చెప్పడమంటే మిగతా వాళ్లకంటే గట్టిగా అరవడమే. తన మాట వినిపించాలంటే ఎత్తు మీదికెక్కి నిలబడి ఎర్ర స్వెటర్ ఊపాల్సి వచ్చేదని ఆమె తర్వాతి రోజుల్లో చెప్పింది.

నలభై ఏళ్లు గడిచాయి. 1994లో బీబీసీలో మొదలైన 'ది ఫాస్ట్ షో'లో ఒక స్కిట్ మళ్లీ మళ్లీ వచ్చేది. కొందరు మగవాళ్లు ఏదో చిక్కు గురించి తల బద్దలుకొట్టుకుంటూ ఉంటారు. వాళ్లలో ఒక అమ్మాయి ఉంటుంది. ఆ పాత్ర అరబెల్లా వేయిర్‌ది. ఆమె ఒక ఉపాయం చెబుతుంది. ఎవరూ తల తిప్పరు. కాసేపటికి ఒక మగవాడు అదే ఉపాయం తన సొంతమన్నట్టు చెబుతాడు. అందరూ ఆహా అంటారు, భుజం తడతారు. ఆమె అలా చూస్తూ ఉండిపోతుంది. ఈ వరసకు 'మగవాళ్లకు వినబడని అమ్మాయి' అనే అర్థం వచ్చే పేరుంది.

కాలెన్‌కి అది రోజూ పడ్డ పాట్లు. వేయిర్ చేతిలో అదే ఒక నిమిషం స్కిట్. పడ్డ పాట్లు స్కిట్‌గా మారి, లక్షల మంది చూసి, అందులో కొందరు 'అరే, మా ఆఫీసులో జరిగేది ఇదే' అని నవ్వాలంటే మధ్యలో ఎన్నో మారాలి. స్కిట్లలో స్త్రీవాదం అనగానే ఎవరో బోర్డు పట్టుకుని నీతులు చెప్పినట్టు ఊహించుకుంటారు. నాకు అర్థమైనంతవరకు అసలు వ్యవహారమంతా ఒక్క చిన్న మాటలో ఉంది: గుర్తుపట్టడం.

స్కిట్‌కి ఉండేది నాలుగైదు నిమిషాలు. సినిమాలోలా పాత్రను పరిచయం చేసి, దాని వెనక కథ చెప్పి, మెల్లగా నవ్వు దగ్గరికి తీసుకెళ్లే వెసులుబాటు లేదు. తెర లేచిన పది సెకన్లలో ఎవరు ఎవరో ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. అందుకే ఈ ప్రక్రియ మొదట్నుంచీ అచ్చుపోసిన మనుషుల మీద బతికింది. సణిగే పెళ్లాం, బిగుతు గౌనులో నర్సు, గయ్యాళి అత్త, తెలివితక్కువ సెక్రటరీ. వీళ్లను గుర్తుపట్టడానికి క్షణం చాలు. ఎవరికి క్షణం చాలు అన్నదే ఎవరూ అడగలేదు. రాసేవాళ్లు, నిర్మాతలు, ఛానల్ పెద్దలు అందరూ మగవాళ్లే అయినప్పుడు వాళ్ల కళ్లకు ఆడవాళ్లు ఎలా కనబడతారో అదే 'అందరికీ తెలిసిన ఆడమనిషి' అయిపోయింది. బ్రిటన్‌లో బెన్నీ హిల్ షో ఏళ్ల తరబడి అదే సరుకు అమ్మింది. 1989లో థేమ్స్ టెలివిజన్ దాన్ని ఆపేసే నాటికి అరకొర బట్టల్లో పరిగెత్తే అమ్మాయిలు, ఆ పరుగుకు వెనక సంగీతం ఆ కార్యక్రమానికి గుర్తుగా మిగిలాయి.

కొత్తదనానికి పేరుపడ్డ వాళ్లు కూడా ఇక్కడ పాత దారే పట్టారు. 1969లో బీబీసీలో మొదలైన 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' స్కిట్ల వ్యాకరణాన్నే తిరగరాసింది. ముగింపు లేని స్కిట్లు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోయే స్కిట్లు వాళ్లవే. ఆ బృందంలో ఆరుగురూ మగవాళ్లు. నడివయసు ఆడవాళ్ల పాత్రలు వస్తే వాళ్లే గౌన్లు వేసుకుని కీచుగొంతుతో మాట్లాడేవాళ్లు. అందంగా కనబడాల్సిన పాత్ర అయితే కరోల్ క్లీవ్‌లాండ్‌ని పిలిచేవాళ్లు. ఈ పంపకాన్ని కాస్త నిలబడి చూడండి. నవ్వించే ఆడమనిషి కావాలంటే మగవాడు, చూడ్డానికి ఆడమనిషి కావాలంటే ఆడమనిషి. ఆ స్కిట్లంటే నాకు చాలా ఇష్టం. అయినా ఈ సంగతి కనబడ్డాక కనబడనట్టు ఉండలేను.

దీనికి ఎదురు జవాబు 1987లో బీబీసీలోనే మొదలైన 'ఫ్రెంచ్ అండ్ సాండర్స్' నుంచి వచ్చింది. డాన్ ఫ్రెంచ్, జెన్నిఫర్ సాండర్స్ ఒళ్లంతా మెత్తలు కట్టుకుని ఇద్దరు లావుపాటి ముసలాళ్ల వేషం కట్టేవాళ్లు. ఆ ముసలాళ్లు టీవీ ముందు కుర్చీల్లో కూలబడి, తెర మీద కనబడ్డ ప్రతి ఆడమనిషీ తమ మీద మనసు పడ్డట్టు మాట్లాడుకునేవాళ్లు. ఇక్కడ మారింది వేషం ఒక్కటే కాదు, గుర్తుపట్టే కళ్లు కూడా మారాయి. అలాంటి మగవాళ్లను బస్సుల్లో, ఆఫీసుల్లో ఆడవాళ్లు ఏళ్లుగా చూస్తున్నారు, భరిస్తున్నారు. చూసినదాన్ని టీవీలో నటించి చూపించే అధికారం మాత్రం అప్పుడు దొరికింది.

వేషం మార్చడంలో ఎంత బలం ఉందో మరో ముప్పై ఏళ్లకు అమెరికాలో తేలింది. 2017 ఫిబ్రవరి 4న ఎన్‌బీసీ స్కిట్ల కార్యక్రమం 'సాటర్డే నైట్ లైవ్'లో నటి మెలిస్సా మెకార్తీ వైట్‌హౌస్ ప్రతినిధి షాన్ స్పైసర్ వేషంలో వచ్చి, విలేకరుల మీద అరుస్తూ పోడియంతో సహా వాళ్ల మీదికి వెళ్లింది. తన ప్రతినిధిని ఒక ఆడమనిషి అనుకరించడమే అధ్యక్షుడు ట్రంప్‌కి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుందని ఆ వారంలో వార్తలొచ్చాయి. మగవాడు ఆడవేషం కడితే నవ్వులాట, ఆడమనిషి మగవేషం కడితే తలవంపులు. ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచిస్తే సగం స్త్రీవాదం అక్కడే అర్థమవుతుంది.

అధికారం సంగతి మాట్లాడేటప్పుడు అమెరికన్ హాస్యనటి కరోల్ బర్నెట్‌ను దాటిపోలేం. సీబీఎస్ ఛానల్‌తో ఆమెకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఐదేళ్లలోపు ఆమె కోరితే వారం వారం వచ్చే గంట కార్యక్రమం ఇచ్చి తీరాలి. గడువు ముగిసే ముందు ఆమె ఫోన్ చేసి అడిగింది. పాటలు, స్కిట్లు కలిపిన వెరైటీ షో మగవాళ్ల పని, నువ్వు ఇంటింటి కథలాంటి సీరియల్ కామెడీ చేసుకో అని ఛానల్ పెద్దలు నచ్చజెప్పబోయారు. ఆమె ఒప్పంద పత్రం మీదే నిలబడింది. 1967లో మొదలైన 'ది కరోల్ బర్నెట్ షో' 1978 దాకా పదకొండు సీజన్లు నడిచింది.

1976లో 'గాన్ విత్ ద విండ్' సినిమా మీద చేసిన పేరడీ ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమాలో స్కార్లెట్ డబ్బు లేక కిటికీ తెరలతో గౌను కుట్టించుకుంటుంది. స్కిట్లో బర్నెట్ మెట్ల మీద నుంచి దిగుతుంది, ఒంటి మీద ఆకుపచ్చ తెర, భుజాల మీద అడ్డంగా ఆ తెరను వేలాడదీసే కర్రతో సహా. గౌను బాగుందని ఎదుటివాడు మెచ్చుకుంటే, కిటికీలో చూశాను, ఆగలేకపోయాను అంటుంది. డిజైనర్ బాబ్ మాకీ తయారుచేసిన ఆ గౌను ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ నవ్వులో ఆమె ఒళ్లు లావా సన్నమా, అందమా కాదా అన్న ప్రసక్తి లేదు. ఠీవిగా నడిచే మనిషి, ఆ ఠీవికి అడ్డంగా ఒక కర్ర. అంతే. ఇదంతా తన పేరు మీద నడిచిన కార్యక్రమంలోనే. కానీ రాసిన స్కిట్ బాగాలేకపోతే తోటి మగ హాస్యనటుల్లా 'ఇది బాగాలేదు, మార్చండి' అని ఆమె అనలేకపోయేది. రచయితల్ని పిలిచి 'నాకే సరిగ్గా రావడం లేదు, కాస్త సాయం చేస్తారా' అనేదాన్నని ఆమే చెప్పింది. కార్యక్రమం ఆమెది, ఒప్పందం ఆమెది, మాట మాత్రం తగ్గించి అడగాలి. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక 'సాటర్డే నైట్ లైవ్'. 1975 అక్టోబర్ 11న మొదలైన ఈ కార్యక్రమం తొలి బృందంలో ఏడుగురు నటులుంటే అందులో ముగ్గురు ఆడవాళ్లు: గిల్డా రాడ్నర్, జేన్ కర్టిన్, లరైన్ న్యూమన్. రచయితల్లో యాన్ బీట్స్, రోజీ షస్టర్, మారిలిన్ సుజాన్ మిల్లర్ ఉన్నారు. ఆ కాలానికి ఇది చిన్న సంగతి కాదు. మిల్లర్ రాసినవాటిలో ఒకటి తన గదిలో ఒక్కతే ఆడుకునే చిన్నపిల్ల స్కిట్. రాడ్నర్ ఆ పిల్ల. గదినే స్టూడియో అనుకుని, తనదే ఒక టీవీ షో నడుస్తున్నట్టు మంచం మీద ఎగురుతుంది, పాత్రలన్నీ తనే వేస్తుంది, పరిగెత్తి తలుపుకు గుద్దుకుంటుంది, లేస్తుంది. భర్త లేడు, ప్రియుడు లేడు, ఎవరి చూపూ లేదు. ఆడపిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు లోపల ఎంత అల్లరి నడుస్తుందో తెలిసినవాళ్లే అది రాయగలరు.

ఆ కార్యక్రమానికి ఇంకో ముఖం కూడా ఉంది. ఆడవాళ్లు పుట్టుకతోనే నవ్వించలేరని తొలి బృందంలోని నటుడు జాన్ బెలూషి నమ్మేవాడని, ఆడవాళ్లు రాసిన స్కిట్లను చెడగొట్టడం తన బాధ్యత అనుకునేవాడని కర్టిన్ 2011లో ఓప్రా విన్‌ఫ్రే కార్యక్రమంలో చెప్పింది. చెడగొట్టడం ఎలాగో తెలియాలంటే అక్కడ వారం ఎలా గడుస్తుందో తెలియాలి. సోమవారం ఆలోచనలు చెప్పుకుంటారు. మంగళవారం రాత్రంతా రాస్తారు. బుధవారం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని పదుల కొద్దీ స్కిట్లు బయటికి చదువుతారు. దాన్ని టేబుల్ రీడ్ అంటారు. అక్కడ నవ్వు పుట్టినవే ముందుకెళ్తాయి. శనివారం రాత్రి ఎనిమిదింటి డ్రెస్ రిహార్సల్ తర్వాత ఇంకొన్ని రాలిపోతాయి. పదకొండున్నరకు ప్రసారం. అంటే ఒక స్కిట్ బతకాలన్నా చావాలన్నా బుధవారం ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాలి. ఒక పెద్ద నటుడు తన వంతు మాటల్ని నీరసంగా, గొణుగుతూ చదివితే చాలు, ఎంత మంచి స్కిట్ అయినా అక్కడే ముగిసిపోతుంది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ నిషేధించలేదు. నవ్వు రాలేదు, అంతే.

నా దృష్టిలో ఈ విషయానికి గుండెకాయ లాంటి ఉదాహరణ అదే కార్యక్రమంలో రచయిత్రిగా పనిచేసిన టీనా ఫే తన 2011 పుస్తకంలో చెప్పిన సంఘటన. పౌలా పెల్ అనే రచయిత్రి ఒక ఉత్తుత్తి ప్రకటన రాసింది. పాత రోజుల్లో నెలసరి ప్యాడ్‌ను నడుముకు కట్టే బెల్టు ఒకటుండేది. పాతవన్నీ మళ్లీ ఫ్యాషన్ అవుతున్నాయి కదా, అదీ తిరిగొచ్చింది అన్నదే జోకు. కిందికి జారిన జీన్స్ పైనుంచి ఆ బెల్టు కనబడుతూ ఉంటే అమ్మాయిలు దర్జాగా తిరుగుతుంటారు. ఈ స్కిట్ వారాల తరబడి ముందుకు కదల్లేదు. చివరికి ఫే, పెల్ వెళ్లి అడిగితే తేలిందేమిటంటే, నిర్ణయం తీసుకోవాల్సిన మగవాళ్లకు అసలు ఆ బెల్టు అంటే ఏమిటో తెలియదు. దాన్ని తెర మీద ఎలా చూపిస్తారో ఊహకు అందక వెనకాడుతున్నారు. విడమరిచి చెప్పగానే సరే, తీయండి అన్నారు. ప్రసారమైంది, పేలింది. ఆ గదిలో ఎవరికీ దురుద్దేశం లేదని, వాళ్లకు నిజంగానే తెలియదని అప్పుడు అర్థమైందని ఫే రాసింది.

దురుద్దేశం ఉన్నవాడితో పోట్లాడొచ్చు. తెలియనివాడితో ఏం చేయాలి? చెప్పాలి. చెప్పాలంటే గదిలో ఉండాలి. ఉంటే సరిపోదు, విడమరిచి చెప్పేంత సేపు వినిపించుకునే హోదా ఉండాలి. ఫే 1999లో ఆ కార్యక్రమానికి హెడ్ రైటర్, అంటే రచయితలందరికీ పెద్ద, అయింది. ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆమే, కార్యక్రమం మొదలైన ఇరవై నాలుగేళ్లకు. 2004లో ఉత్తుత్తి వార్తల బల్ల దగ్గర ఆమె పక్కన ఏమీ పోలర్ చేరింది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఆ వార్తలు చదవడం అదే మొదటిసారి.

2008 సెప్టెంబర్ 13న ఈ ఇద్దరే చేసిన స్కిట్ రాజకీయాల్లోకే నడిచి వెళ్లింది. ఫే అప్పుడు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న అలాస్కా గవర్నర్ సారా పేలిన్ వేషంలో, పోలర్ హిల్లరీ క్లింటన్ వేషంలో పక్కపక్కనే నిలబడి, ఎన్నికల ప్రచారంలో ఆడవాళ్లను చిన్నచూపు చూడడం గురించి దేశానికి సందేశమిస్తారు. ఒకరు నవ్వుతూ, వయ్యారాలు పోతూ. ఇంకొకరు పళ్లు బిగబట్టి. ఆ స్కిట్లో ఇద్దరు నాయకురాళ్లు ఒకే అచ్చులోంచి రాలేదు, అదీ అందులోని గొప్ప. ఇంటి నుంచే రష్యా కనబడుతుందన్న మాట ఫే నోటి నుంచి వచ్చింది. చాలామంది ఇప్పటికీ అది పేలిన్ స్వయంగా అన్నదే అనుకుంటారు. పేలిన్ పట్ల కఠినంగా ఉన్నావని కొందరు ఫేను తప్పుపట్టారు. నేను దుర్మార్గురాలినీ కాదు, ఆమె తాకితే విరిగిపోయేంత సుకుమారీ కాదు, అలా అనడం మా ఇద్దరికీ అవమానమే అన్న అర్థంలో ఫే జవాబిచ్చింది. ఆడమనిషిని విమర్శించకుండా వదిలేయడం గౌరవం కిందికి రాదని నేనూ అంటాను.

ఇంతలో రచయిత క్రిస్టఫర్ హిచెన్స్ 2007 జనవరి 'వ్యానిటీ ఫెయిర్' పత్రికలో ఆడవాళ్లు ఎందుకు నవ్వించలేరో వివరిస్తూ వ్యాసం రాశాడు. దాని మీద ఏళ్ల తరబడి చర్చ నడిచింది. ఆ చర్చకు ఇక్కడ ఇంతకంటే చోటు ఇవ్వను.

మగ, ఆడ పాత్రల్ని తలకిందులు చేయడం స్త్రీవాద స్కిట్లకు బాగా అలవాటైన పనిముట్టు. హాస్యనటి ట్రేసీ ఉల్‌మన్ 2017లో బీబీసీలో చేసినది చూడండి. సూటు వేసుకున్న ఒక మగవాడు తనను దోచుకున్నారని ఫిర్యాదు చేయడానికి పోలీస్ స్టేషన్‌కు వస్తాడు. ఉల్‌మన్ పోలీసు అధికారి. దోచుకున్నప్పుడు ఇవే బట్టలు వేసుకున్నావా అని అడుగుతుంది. చూసేవాళ్లను రెచ్చగొట్టేలా డబ్బున్నవాడిలా కనబడుతున్నావంటుంది. అతను బిత్తరపోతాడు. అత్యాచారం గురించి స్కిట్లో ఒక్క మాట కూడా లేదు. అయినా మొదటి ప్రశ్నకే ప్రేక్షకులకు తెలిసిపోతుంది. గుర్తుపట్టడానికి పది సెకన్లే ఉన్నాయన్న పాత నియమమే ఇక్కడ ఆడవాళ్ల తరఫున పనిచేసింది.

అమెరికన్ హాస్యనటి ఏమీ షూమర్ స్కిట్ల కార్యక్రమం 'ఇన్‌సైడ్ ఏమీ షూమర్' ఇంకా దూరం వెళ్లింది. 2015లో ఒక ఎపిసోడ్ మొత్తాన్ని '12 యాంగ్రీ మెన్' సినిమాకు పేరడీగా, నలుపు తెలుపుల్లో తీశారు. అసలు సినిమాలో పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఒక కుర్రాడి ప్రాణం మీద తర్జనభర్జన పడతారు. ఇక్కడ పన్నెండుమంది మగవాళ్లు చెమటలు కక్కుతూ తేల్చాల్సింది టీవీలో కనబడే అర్హత ఉన్నంత అందం ఏమీ షూమర్‌కు ఉందా లేదా అని. జెఫ్ గోల్డ్‌బ్లమ్, పాల్ జియామట్టి లాంటివాళ్లు ప్రాణం పెట్టి నటించారు. తన గురించి జనం అంటున్న మాటలన్నీ షూమర్ ఆ పాత్రల నోట పెట్టించింది, తను పెద్దగా కనబడకుండా. ఒక్కో మగవాడు మాట్లాడేకొద్దీ బయటపడేది అతని సొంత లోపలి గోలే. ఆ ఏడాదే ఈ కార్యక్రమానికి స్కిట్ల విభాగంలో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. అదే ఏడాది షూమర్ స్టాండప్‌లోని జాతి జోకుల మీద గట్టి విమర్శలూ వచ్చాయి. ఆడమనిషిగా తన గాయం తెలిసినంత మాత్రాన పక్కవాళ్ల గాయం తెలిసిపోదు.

వ్యంగ్యానికి ఇంకో చిక్కుంది. డెబ్భైల్లో 'సాటర్డే నైట్ లైవ్' వార్తల్లో కర్టిన్, డాన్ ఐక్రాయిడ్ వాదించుకునే వరస ఒకటి ఉండేది. ఆమె వాదన ముగియగానే అతను ఆమెను పేరుపెట్టి పిలిచి, తెలివిలేనిదానా అంటూ ఒక బూతు మాట తగిలించి తన వాదన మొదలుపెట్టేవాడు. టీవీ చర్చల్లో పెద్దమనుషుల అహంకారమే అక్కడ గురి. కానీ బయటికి వెళ్లింది ఆ తిట్టు ఒక్కటే. జనం దాన్ని ఊతపదం చేసుకున్నారు, గురి వెనకే ఉండిపోయింది. అచ్చుపోసిన మాటను ఎగతాళి చేయాలంటే ముందు దాన్ని పలకాలి. పలికాక అది ఎవరి నోట్లో ఎలా తిరుగుతుందో రాసినవాళ్ల చేతుల్లో ఉండదు. దీనికి మందు ఎవరూ కనిపెట్టలేదు.

అందుకేనేమో, నాకు అన్నిటికంటే దగ్గరైంది 1999లో ఛానల్ 4లో మొదలైన 'స్మాక్ ద పోనీ'. ఫియోనా అలెన్, డూన్ మెకికన్, శాలీ ఫిలిప్స్ అందులో ముఖ్యులు. పెళ్లి సంబంధాల ఏజెన్సీకి పంపే వీడియోల్లో తమను తాము పరిచయం చేసుకునే ఆడవాళ్ల స్కిట్లు అందులో పేరుపడ్డాయి. ఒక్కొక్కరూ కెమెరా ముందు కూర్చుని, పూర్తిగా మామూలు గొంతుతో, పూర్తిగా వింత కోరికలు చెబుతారు. వాళ్లు ఏ వాదానికీ ప్రతినిధులు కారు. మగవాళ్లను తిట్టరు, పాఠం చెప్పరు. ఎవరి పిచ్చి వాళ్లదే. మగ హాస్యనటులకు మొదట్నుంచీ ఉన్న స్వేచ్ఛ ఇదే: కారణం లేకుండా వింతగా ఉండే స్వేచ్ఛ. తెర మీద ఒక్కతే ఆడమనిషి ఉన్నప్పుడు ఆమె ఆడజాతి మొత్తానికి జవాబు చెప్పుకోవాలి. ముగ్గురు, నలుగురు ఉంటే ఒకతె పిచ్చిది కావచ్చు, ఒకతె పిసినారి కావచ్చు, ఒకతె ఊరికే కుర్చీలోంచి కింద పడొచ్చు. సంఖ్య ముఖ్యమని నేను అంతగా నమ్మడానికి కారణం ఇదే.

నల్లజాతి మహిళలకు ఆ సంఖ్య ఇంకా చాలా ఆలస్యంగా దక్కింది. 1985లో 'సాటర్డే నైట్ లైవ్' ప్రధాన బృందంలో చేరిన డానిట్రా వాన్స్ ఒక్క సీజన్ మాత్రమే ఉంది. మాయా రుడాల్ఫ్ 2007లో వెళ్లిపోయాక ఆరేళ్ల పాటు అక్కడ ఒక్క నల్లజాతి నటి కూడా లేదు. 2013 శరత్కాలంలో దీని మీద గొడవ రేగింది. ఇకపై ఆడవేషాలు కట్టనని ఆ బృందంలోని నల్లజాతి నటుడు కీనన్ థాంప్సన్ చెప్పేశాడు. ఆ నవంబర్‌లో నల్లజాతి నటి కెర్రీ వాషింగ్టన్ అతిథిగా వచ్చిన రోజు మొదటి స్కిట్ ఈ గొడవ మీదే. ఆమె మిషెల్ ఒబామాగా మాట్లాడుతుంది. ఇంతలో ఓప్రా వచ్చిందంటారు. ఆమె పరుగున వెళ్లి ఓప్రాగా తిరిగొస్తుంది. ఆ వెంటనే బియాన్సే కావాలంటారు. నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ పరుగులో ఒక మనిషి ఆయాసం కూడా కనబడుతుంది. తప్పు ఒప్పుకున్నందుకు చప్పట్లు కొట్టాలా, ఒప్పుకుని నవ్వేసి తప్పించుకున్నందుకు నిలదీయాలా అని అప్పట్లో వాదించుకున్నారు. నిలదీసినవాళ్లే పని జరిపించారు. 2014 జనవరిలో సషీర్ జమాటా నటిగా చేరింది, లెస్లీ జోన్స్ మొదట రచయిత్రిగా వచ్చింది.

2019 ఆగస్టులో హెచ్‌బీఓలో రాబిన్ థీడ్ మొదలుపెట్టిన 'ఎ బ్లాక్ లేడీ స్కెచ్ షో'లో తారాగణం, రచయితల గది రెండూ నల్లజాతి మహిళలవే. మొదటి ఎపిసోడ్‌లో ఒక గూఢచారిణి స్కిట్ ఉంది. ఆ పాత్ర వేసిన యాష్లీ నికోల్ బ్లాక్ ఆ కార్యక్రమానికి రచయిత్రి కూడా. సినిమాల్లో గూఢచారిణి అంటే మెరిసే గౌను, ఎత్తు మడమలు, గది మొత్తం తనవైపు తిరిగే అందం. ఈమె సాదాసీదాగా ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా ఎవరి కంటికీ ఆనదు. ఎదురుగా నిలబడ్డా చూపు ఆమె మీద నుంచి జారిపోతుంది. ఆమె బలం అదే. గుట్టంతా రాబట్టుకుని వాళ్ల మధ్యలోంచే నడిచి వెళ్లిపోగలదు, ఎర్ర స్వెటర్ అవసరం లేకుండా.